బొగ్గుబాయి కోసం కంటతడి పెట్టించిన నటుడు బొగ్గునే ఎందుకు వద్దన్నాడు?

ప్రశ్న: మాది గోదావరిఖని. నాకు 27 ఏళ్లు. మా నాన్న ఇరవై ఎనిమిదేళ్లుగా బొగ్గుబాయిలో పనిచేస్తున్నారు. నేను కాలేజీ రోజుల నుంచి నాటకాల్లోనూ, ఈ మధ్య సీరియళ్లలో చిన్న చిన్న వేషాల్లోనూ నటిస్తున్నాను. నాది హీరో ముఖం కాదని నాకు తెలుసు. మంచి క్యారెక్టర్ ఆర్టిస్టుగా నిలబడాలన్నదే నా కోరిక. బొగ్గు పొగ మీద, మారిపోతున్న వాతావరణం మీద ఒక వీధినాటకం వేస్తున్నామని, అందులో ముఖ్యపాత్ర నన్నే వేయమని స్నేహితులు అడుగుతున్నారు. ఇలాంటి వాటి జోలికి వెళితే వేషాలు రావని సీరియల్ మేనేజరు హెచ్చరించారు. అంతకన్నా పెద్ద బాధ ఇంట్లోనే ఉంది. నన్ను చదివించిన బొగ్గుకు వ్యతిరేకంగా మా నాన్న ఎదుట ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను? ఈ మధ్య 'బ్రాస్డ్ ఆఫ్' అనే ఇంగ్లిషు సినిమాలో పీట్ పోసిల్‌త్వెయిట్ అనే నటుణ్ణి చూశాను. గని మూతపడుతున్నప్పుడు బ్యాండ్ మాస్టరుగా ఆయన మాట్లాడిన మాటలకు కన్నీళ్లు ఆగలేదు. అదే మనిషి కొన్నేళ్ల తర్వాత బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టవద్దని మంత్రినే నిలదీశారని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ రెంటిలో ఏది నిజమైన పోసిల్‌త్వెయిట్? ఆయన జీవితం గురించి వివరంగా చెప్పి, నాకు తోచని దారి చూపించగలరా?

సమాధానం: మీ ఉత్తరాన్ని రెండు మూడు సార్లు చదివాను. మీరు ఒక నటుడి గురించి అడిగినట్టు కనిపించినా, మీ ప్రశ్నకు అసలు మూలం మీ నాన్నగారి పట్ల మీకున్న గౌరవంలో ఉంది. అందుకే ఈ ప్రశ్నకు పోసిల్‌త్వెయిట్ సరైన మనిషి అనిపించింది. ఆయన జీవితంలో మీరు వైరుధ్యం అనుకున్న చోట నాకు ఒకే నిలకడ కనిపిస్తుంది. అయితే అది కనిపించాలంటే ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో, ఆ సినిమాకు ముందు ఎన్నేళ్లు ఏం చేశాడో తెలియాలి.

పీట్ 1946 ఫిబ్రవరిలో వారింగ్టన్‌లో పుట్టాడు. లివర్‌పూల్‌కూ మాంచెస్టర్‌కూ మధ్య, మెర్సీ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు ఇనుప తీగల తయారీకి పేరు మోసింది. వాళ్లది శ్రామిక కుటుంబం, నిష్ఠగల కాథలిక్ కుటుంబం. నలుగురు పిల్లల్లో ఈయన ఒకడు. చిన్నతనంలో చర్చి ఫాదర్ కావాలనుకున్నాడు. ఆ తర్వాత ఉపాధ్యాయ శిక్షణ పొంది, మాంచెస్టర్‌లోని ఒక కాన్వెంట్ బడిలో పిల్లలకు నాటకం నేర్పాడు. జీతం వచ్చే ఆ ఉద్యోగాన్ని వదులుకుని బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో విద్యార్థిగా చేరాడు. ఈ క్రమాన్ని మీరు గమనించాలి. ఒక ఫాదరూ, ఒక టీచరూ, ఒక నటుడూ ముగ్గురూ జనం ఎదుట నిలబడి మాట్లాడేవాళ్లే, ఎదుటివాళ్లు వింటున్నారో లేదో ప్రతి క్షణం పట్టించుకోవలసినవాళ్లే. ఆయన జీవితాంతం మాట్లాడిన తీరులో ఈ మూడు వృత్తుల జాడా నాకు వినిపిస్తుంది.

పేరు మార్చుకోమని తొలిరోజుల్లో ఆయనకు చాలామంది సలహా ఇచ్చారు. అంత పొడవైన, నోరు తిరగని ఉత్తర ఇంగ్లండు ఇంటిపేరు పోస్టర్ల మీద ఎప్పటికీ వెలగదన్నారు. ఆయన మార్చుకోలేదు. ముఖం విషయం కూడా అంతే. ఎత్తైన చెక్కిళ్ల ఎముకలు, లోతైన కళ్లు, కొండరాయిని చెక్కి అలా వదిలేసినట్టుండే ఆ ముఖం ఏ లెక్కన చూసినా కథానాయకుడి ముఖం కాదు. మీ ఉత్తరంలో మీ ముఖం గురించి రాసిన వాక్యం చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే.

1970లలో ఆయన లివర్‌పూల్‌లోని ఎవ్రీమన్ థియేటర్‌లో పనిచేశాడు. హోప్ స్ట్రీట్‌లో పాత ప్రార్థనా మందిరం భవనంలో 1964లో మొదలైన ఈ చిన్న థియేటర్, అలన్ డోసర్ అనే దర్శకుడి చేతికి వచ్చాక, ఆ ఊరి జనం కథలను ఆ ఊరి జనానికే వాళ్ల యాసలో చెప్పే వేదికగా మారింది. రేవులో పనిచేసేవాళ్లు, ఫ్యాక్టరీ కార్మికులు, జన్మలో థియేటర్ గడప తొక్కనివాళ్లు అక్కడికి వచ్చేవారు. ఆ కాలంలో ఆ వేదిక మీద నిలబడిన పేర్లు చూడండి: జొనాథన్ ప్రైస్, జూలీ వాల్టర్స్, బిల్ నై, ఆంటొనీ షేర్. రచయితల్లో అలన్ బ్లీస్‌డేల్, విల్లీ రసెల్ ఉన్నారు. మన ప్రజానాట్యమండలి చరిత్ర తెలిసిన మీకు, పాటకూ పోరాటానికీ మధ్య గీత గీయని అలాంటి బృందం ఒక నటుడికి ఏం నేర్పుతుందో నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. తన ఎదుట కూర్చున్న ప్రేక్షకుడికి ఆ కథ తనకన్నా బాగా తెలుసన్న భయం, ఆ భయం వల్ల వచ్చే నిజాయితీ అక్కడే అలవడతాయి. సమాజం గురించి పీట్‌కు ఉన్న పట్టింపు పేరు వచ్చాక తగిలించుకున్న అలంకారం కాదని నేను నమ్మడానికి కారణం ఈ లివర్‌పూల్ సంవత్సరాలే.

ఆ తర్వాత రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరాడు. మొదటి సినిమా వేషం 1977లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 31. మీకిప్పుడు 27. సినిమా ప్రపంచం ఆయన్ను నిజంగా గుర్తించింది 1988లో, టెరెన్స్ డేవిస్ తీసిన 'డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్' చిత్రంతో. అంటే మరో పదకొండేళ్లకు. 1940లు, 50ల నాటి లివర్‌పూల్ శ్రామిక కుటుంబం కథ అది. అందులో భార్యాపిల్లల్ని చావబాదే తండ్రి పాత్ర ఆయనది. ఒక క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆ తండ్రి నిద్రపోతున్న పిల్లల దగ్గరికి అడుగుల చప్పుడు కాకుండా వచ్చి, వాళ్లకు కానుకలు పెట్టి, ఎంతో ప్రేమగా చూసి వెళతాడు. మర్నాడు భోజనాల బల్ల దగ్గర అదే మనిషి ఉన్నట్టుండి బల్లమీది గుడ్డను పళ్లాలతో సహా లాగి పారేస్తాడు. ఆ రెండు దృశ్యాల మధ్య ఆయన ఎక్కడా మన సానుభూతిని అడుక్కోడు, అలాగని ఆ మనిషిని రాక్షసుడిగానూ చూపించడు. క్యారెక్టర్ ఆర్టిస్టు కావాలనుకునేవాడు ఈ ఒక్క పాత్రను పాఠ్యపుస్తకంలా చదవాలని నా అభిప్రాయం. కోపం ఎలా చూపాలన్నది అందులోని చిన్న పాఠం. ప్రేమించడం చేతగాని మనిషిని తీర్పు చెప్పకుండా ఎలా మోయాలన్నది పెద్ద పాఠం.

ఈ లోపల 1990లో ఆయనకు ఒకసారి క్యాన్సర్ వచ్చి, చికిత్సతో కోలుకున్నాడు. 1993లో జిమ్ షెరిడన్ దర్శకత్వంలో వచ్చిన 'ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్' ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఈ చిత్రం వెనక ఉన్న నిజమైన కథ మీ ప్రశ్నకు నేరుగా సంబంధించింది కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. 1974 అక్టోబరులో ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్ పట్టణంలో పబ్బుల్లో బాంబులు పేలాయి. ఐరిష్ యువకుడు గెరీ కాన్లన్‌తో కలిపి మొత్తం నలుగురిని పట్టుకుని, పోలీసులు బలవంతంగా రాబట్టిన ఒప్పుకోళ్ల ఆధారంగా యావజ్జీవ శిక్ష వేశారు. కొడుకును ఆదుకుందామని బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన తండ్రి జుసెప్పి కాన్లన్‌నూ, కొందరు బంధువులనూ కూడా పేలుడు పదార్థాల కేసులో ఇరికించారు. ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్న ఆ తండ్రి 1980 జనవరిలో శిక్ష అనుభవిస్తుండగానే చనిపోయాడు. కొడుకు 1989లో నిర్దోషిగా బయటికి వచ్చాడు. తండ్రి మీద పడ్డ నేరం 1991లో కొట్టివేశారు, ఆయన పోయిన పదకొండేళ్ల తర్వాత. బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పింది 2005లో.

ఆ తండ్రి పాత్ర పీట్ వేశాడు. సినిమాలో తండ్రీకొడుకులు ఒకే గదిలో ఖైదీలుగా ఉంటారు. నిజజీవితంలో అలా లేరు, అది కథ కోసం చేసిన మార్పు. కానీ ఆ మార్పు వల్లే ఆ చిత్రానికి గుండె దొరికింది. డానియెల్ డే లూయిస్ వేసిన కొడుకు పాత్ర అరుస్తుంది, గోడలను గుద్దుతుంది, తండ్రిని కూడా తిడుతుంది. ఎదురుగా ఈ తండ్రి దగ్గుతూ, ప్రార్థించుకుంటూ, తెల్లకాగితం మీద అర్జీలు రాసుకుంటూ, నిదానంగా, మొండిగా కూర్చుంటాడు. బలహీనమైన దేహంలో ఉండే బలాన్ని అంత తక్కువ కదలికతో చూపించిన నటన నేను చాలా తక్కువగా చూశాను. ఈ పాత్రకు ఆస్కార్ సహాయనటుడి విభాగంలో ఆయన నామినేషన్ పొందాడు. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు. కనీసం ఇరవై ఏళ్లు వేదికల మీద నలిగిన తర్వాత దక్కిన గుర్తింపు అది.

తర్వాత హాలీవుడ్ పిలిచింది. 'ది యూజువల్ సస్పెక్ట్స్'లో అంతుచిక్కని వకీలు వేషం వేశాడు, జురాసిక్ పార్క్ రెండో భాగంలో వేటగాడిగా కనిపించాడు. స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఆయనను ప్రపంచంలోకెల్లా మంచి నటుడని మెచ్చుకున్నాడన్న మాట పత్రికలన్నీ రాశాయి. పీట్ మాత్రం ఆ మెప్పును తలకెక్కించుకోకుండా నవ్వి తేల్చేశాడు. ఆ వేటగాడి సినిమా వచ్చిన 1997లోనే ఆయన బ్రిస్టల్ వెళ్లి షేక్‌స్పియర్ నాటకంలో మాక్‌బెత్ వేషం వేశాడు. నివాసం కూడా లాస్ ఏంజెలెస్‌కు మార్చలేదు. ఇంగ్లండులోనే ష్రాప్‌షైర్ పల్లెసీమలో ఉండిపోయాడు. నటుడికి వేషాలు ఎంత ముఖ్యమో, ఏ వేషం చేశాక ఎక్కడికి తిరిగి రావాలో తెలియడం కూడా అంతే ముఖ్యమని ఈ సంవత్సరాలు చూస్తే నాకు అనిపిస్తుంది.

ఇక మీరు చూసిన సినిమా దగ్గరికి వద్దాం. 1984 మార్చిలో మొదలై ఏడాదిపాటు సాగిన గని కార్మికుల సమ్మె ఓడిపోవడంతో బ్రిటన్ బొగ్గు ప్రాంతాల నడుము విరిగింది. 1992 అక్టోబరులో ప్రభుత్వం ఇంకో 31 గనులు మూసేస్తామని, ముప్పై వేల ఉద్యోగాలు పోతాయని ప్రకటించింది. దక్షిణ యార్క్‌షైర్‌లోని గ్రైమ్‌థార్ప్ గని ఆ జాబితాలో ఉంది. 1917 నుంచి ఆ గని కార్మికులు నడుపుకుంటున్న ఇత్తడి వాద్యాల బృందం, ఆ ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే లండన్‌లో జాతీయ పోటీలో గెలిచింది. 1993లో గని మూతపడింది. ఈ నిజాల మీద అల్లిన కథే 1996 నాటి 'బ్రాస్డ్ ఆఫ్'. ఊరి పేరును కాస్త మార్చారు. తెర మీద వినిపించే వాద్యం మాత్రం అసలు గ్రైమ్‌థార్ప్ బృందానిదే.

పీట్ పాత్ర డానీ, బృంద నాయకుడు. బొగ్గుధూళితో ఊపిరితిత్తులు పాడైన ముసలి కార్మికుడు. సినిమాలో ఎక్కువ భాగం ఇతనికి సంగీతమే సర్వస్వం. చుట్టూ ఇళ్లు కూలిపోతున్నా, సొంత కొడుకు అప్పుల్లో మునిగిపోతున్నా, పోటీ గెలవడం ఒక్కటే అతని కళ్లకు కనబడుతుంది. చివరికి గెలుపు చేతికి అందిన క్షణంలో, ఆల్బర్ట్ హాల్ వేదిక మీద, సంగీతం ముఖ్యమనుకున్నానని, మనుషులు ముఖ్యమని ఇప్పుడు తెలిసిందని ఒప్పుకుని బహుమతిని వద్దంటాడు. చాలామంది ఆ ప్రసంగాన్ని ప్రభుత్వం మీద ధిక్కారంగా మాత్రమే గుర్తుంచుకుంటారు. నేను దాన్ని ఒక తండ్రి తన కొడుక్కి అందరి ముందూ చెప్పిన క్షమాపణగా కూడా విన్నాను. ఆ రెండూ ఒకే గొంతులో పలికించడం వల్లనే మీకు కన్నీళ్లు ఆగలేదని అనుకుంటున్నాను.

ఇప్పుడు మీ ప్రశ్నలోని ముడి విప్పుదాం. 2009లో 'ది ఏజ్ ఆఫ్ స్టుపిడ్' అనే చిత్రం వచ్చింది. ఫ్రానీ ఆర్మ్‌స్ట్రాంగ్ దర్శకురాలు; మన నర్మద ఆనకట్ట ముంపుకు ఎదురు నిలిచిన కుటుంబం మీద 2002లో డాక్యుమెంటరీ తీసిన మనిషి ఈమే. పెద్ద సంస్థల డబ్బు వద్దనుకుని, రెండు వందలకు పైగా వ్యక్తులకూ బృందాలకూ వాటాలు అమ్మి, సుమారు నాలుగున్నర లక్షల పౌండ్లతో ఈ చిత్రం తీశారు. కథ 2055లో జరుగుతుంది. పాడైపోయిన భూమి మీద, ఉత్తర ధ్రువ సముద్రంలో ఒక ఎత్తైన గోపురంలో మిగిలిన ఒంటరి ముసలివాడు పాత దృశ్యాలను తిరగేస్తూ, అవకాశం ఉన్నప్పుడు మనం ఎందుకు కాపాడుకోలేదని అడుగుతాడు. ఆ ముసలివాడు పీట్. అతను తిరగేసే దృశ్యాలు మాత్రం నిజమైన మనుషులవి. వారిలో ఒకరు ముంబైలో తక్కువ ధరల విమాన సంస్థ మొదలుపెట్టిన భారతీయ వ్యాపారి, మరొకరు మంచు కరిగిపోవడాన్ని కళ్లారా చూసిన ఆల్ప్స్ పర్వతాల మార్గదర్శి, ఇంకొకరు చమురు సీమలో పేదరికంతో పోరాడే నైజీరియా యువతి. ఈ సినిమాలో ఎవరినీ దుర్మార్గులుగా చిత్రించలేదన్న సంగతి మీ వీధినాటకానికి పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

2009 మార్చి 15న లండన్ లీస్టర్ స్క్వేర్‌లో సౌరశక్తితో నడిచే గుడారంలో ఈ చిత్రం తొలి ప్రదర్శన జరిగింది. అప్పటి ఇంధన, వాతావరణ శాఖల మంత్రి ఎడ్ మిలిబాండ్ ఆ కార్యక్రమానికి వచ్చారు. కెంట్‌లోని కింగ్స్‌నార్త్‌లో కొత్త బొగ్గు విద్యుత్ కేంద్రానికి అనుమతి ఇస్తే, 2004లో తనకు ఇచ్చిన ఓబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ గౌరవాన్ని తిరిగి ఇచ్చేస్తానని పీట్ ఆయన ముఖం మీదే చెప్పాడు. ఆ తర్వాతి నెలలో, కార్బన్‌ను పట్టి భూమిలో నిల్వచేసే ఏర్పాటు లేకుండా కొత్త బొగ్గు కేంద్రాలు ఉండవని ప్రభుత్వం ప్రకటించింది. అక్టోబరులో ఆ కేంద్రం కట్టదలచిన కంపెనీ, విద్యుత్ గిరాకీ తగ్గిందంటూ, తన పథకాన్ని వాయిదా వేసుకుంది. చివరికి ఆ కేంద్రం కట్టనే లేదు. ఇదంతా ఒక్క నటుడి మాట వల్ల జరిగిందని నేను చెప్పను. ఎన్నో సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి, ఆర్థిక మాంద్యం కూడా తోడైంది. ఆ పోరాటంలో ఆయన తనకున్నదాన్ని ఒకదాన్ని పణంగా పెట్టాడన్నంతవరకే నా మాట.

మరి గ్రైమ్‌థార్ప్ కోసం కన్నీళ్లు పెట్టించిన మనిషి కింగ్స్‌నార్త్‌ను ఎలా వద్దంటాడు? నేను ఆలోచించి తేల్చుకున్నది ఇది. 'బ్రాస్డ్ ఆఫ్' బొగ్గు గురించిన సినిమా కాదు. బొగ్గు తవ్వినవాళ్లను, వాళ్ల చేతికి వేరే పని ఇవ్వకుండా, ఒక మాట అయినా అడగకుండా, చెత్తలా ఊడ్చి పారేయడం గురించిన సినిమా. డానీ ఊపిరిని తినేసింది కూడా ఆ బొగ్గు ధూళే. సినిమా ఆ సంగతిని ఎక్కడా దాచలేదు. కింగ్స్‌నార్త్ కట్టినా గ్రైమ్‌థార్ప్ గని మళ్లీ తెరుచుకునేది కాదు. 2009 నాటికి బ్రిటన్ కాల్చే బొగ్గులో సగానికి పైగా విదేశాల నుంచి వస్తున్నదే. రెండు సందర్భాల్లోనూ తమ బతుకుల మీద తీసుకున్న నిర్ణయంలో తమకు చోటులేని మనుషుల పక్కనే ఆయన నిలబడ్డాడు. మొదటిసారి వాళ్లు గని కార్మికులు. రెండోసారి వాళ్లు ఇంకా పుట్టనివాళ్లు, సముద్రమట్టానికి కాస్త ఎత్తున గుడిసెలు వేసుకుని బతికేవాళ్లు. ఇరాక్ మీద యుద్ధం వద్దని 2003లో లండన్ వీధుల్లో నడిచినప్పుడు కూడా ఆయన ఉన్న చోటు అదే. ఇంటి పెరట్లో గాలిమర పెట్టుకున్నాడంటే, మాట ఇతరులకే చెప్పి ఊరుకునే అలవాటు లేదన్నమాట.

అయినా బ్రిటన్ చేసిన తప్పును మాత్రం మనం దాచుకోకూడదు. అక్కడ చివరి లోతుగని యార్క్‌షైర్‌లో 2015 డిసెంబరులో మూతపడింది. చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న ఆగింది. పొగ ఆగినందుకు భూమికి మేలే. కానీ 1980లు, 90లలో గనులు మూసినప్పుడు ఎవరూ భూమి గురించి ఆలోచించలేదు, ఆ ఊళ్ల గురించి అసలే ఆలోచించలేదు. ఆ గాయం ఆ పల్లెల్లో ఈనాటికీ మానలేదు. అందుకే బొగ్గు వద్దనేవాడికి బొగ్గు తవ్వినవాడి గురించి మాట్లాడే బాధ్యత రెట్టింపు ఉంటుంది. ఈ మాట మీ స్నేహితుల వీధినాటకానికి చాలా అవసరమని నా నమ్మకం, దాన్ని అక్కడ చెప్పగల అర్హత వాళ్లందరికన్నా మీకు ఎక్కువ ఉంది.

కాబట్టి నా సలహా: ఆ వేషం ఒప్పుకోండి, కానీ నాటకం రాత చూడకుండా మాత్రం ఒప్పుకోకండి. అందులో గని కార్మికుడు ఉన్నాడా, ఉంటే ఎలా ఉన్నాడు అని చూడండి. పొగ గొట్టాల పక్కన నల్లటి ముసుగులో నిలబడే బొమ్మగా ఉంటే, లేదా అసలు లేకపోతే, రాత మార్చమని అడగండి. బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ (గంపా, పారా) పట్టిన చేతులు ఏ యంత్రాలు వచ్చాక ఖాళీ అయ్యాయో, లోతుగని మూసి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని పెట్టినప్పుడు ఎన్ని ఇళ్లు లేచిపోయాయో, ఇంటి దీపానికి ఆ వెలుగు ఎవరి ఊపిరి నుంచి వచ్చిందో తెలిసిన పాత్ర ఒకటి ఆ నాటకంలో ఉండాలి. వాళ్లు మార్చడానికి ఒప్పుకోకపోతే మర్యాదగా తప్పుకోండి. అప్పుడు మీరు భయపడి తప్పుకున్నట్టు కాదు. ఒప్పుకుంటే, ముఖ్యపాత్ర కాకపోయినా సరే, ఆ కార్మికుడి వేషమే మీరు అడిగి తీసుకోండి. ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు ఆ పాత్ర మీకన్నా బాగా తెలిసి ఉంటుంది. ఎవ్రీమన్ నటులను మలిచిన భయం మీకు గోదావరిఖని చౌరస్తాలోనే దొరుకుతుంది.

సీరియల్ మేనేజరు మాట విషయంలో మీకు తీపి అబద్ధం చెప్పలేను. మంత్రిని నిలదీసిన రోజున పీట్ వయసు 63. అప్పటికి ఆయన వెనక నలభై ఏళ్ల పని ఉంది, ఆ మాట వల్ల వేషాలు పోయే దశ దాటిపోయాడు. ఆ తర్వాత కూడా 2010లో 'ఇన్‌సెప్షన్', 'ది టౌన్' వంటి పెద్ద చిత్రాల్లో ఆయనకు వేషాలు వచ్చాయి. మీ పరిస్థితి అది కాదు. ఒక వీధినాటకం వల్ల మీకు ఒకటి రెండు వేషాలు తప్పిపోవచ్చు. అందుకని రెండు పనులు చేయమంటాను. మొదటిది, నటన ఒక్కదాని మీదే ఇల్లు నడవాలనుకోకండి. ఆయన బడిలో నాటకం చెప్పినట్టుగానే, మీ ఊరి బడుల్లో పిల్లలకు నాటకం నేర్పే పని వెతుక్కోండి. చిన్న జీతమైనా, అది మీకు కాదనగల శక్తినిస్తుంది, పిల్లల ముందు నిలబడటం మీ గొంతునూ బాగుచేస్తుంది. రెండోది, వీధినాటకం ఆడే రోజుల్లో సీరియల్ సెట్‌కు ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా వెళ్లకండి, ఒక్క డైలాగు కూడా మరచిపోకండి. అభిప్రాయాలు నచ్చకపోయినా పని నచ్చితే పిలిచేవాళ్లు ఈ రంగంలో ఉన్నారు. అభిప్రాయాలతో పాటు పని కూడా నచ్చకపోతే పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు.

పేరు రావడానికి తొందర పడకండి. పీట్ వేషాల వరుసను ఇంకోసారి చూడండి: 31 ఏళ్లకు తొలి సినిమా, 42కు తొలి గొప్ప పాత్ర, 48కి ఆస్కార్ నామినేషన్, 50కి డానీ. 2008లో, తన నటజీవితం మొదలైన ఆ లివర్‌పూల్ ఎవ్రీమన్‌కే తిరిగి వెళ్లి షేక్‌స్పియర్ నాటకంలో లియర్ మహారాజు వేషం వేశాడు. కొందరు విమర్శకులకు ఆ ప్రదర్శన నచ్చలేదు. అయినా ఆ ఊరి జనం కోసం ఆ వయసులో అంత బరువైన పాత్ర మోయడమే నాకు ముఖ్యమనిపిస్తుంది. 2011 జనవరి 2న, 64 ఏళ్ల వయసులో, క్లోమానికి సోకిన క్యాన్సర్‌తో ఆయన ష్రూస్‌బరీ ఆసుపత్రిలో చనిపోయాడు. జబ్బుతో బాధపడుతూ కూడా ఆఖరి నెలల్లో షూటింగులకు వెళ్లాడు.

చివరగా మీ నాన్నగారి విషయం. ఆయనతో వాదించడానికి వెళ్లకండి. ఒక ఆదివారం, ఆయనకు షిఫ్టు లేని రోజున, మీరు చూసిన ఆ సినిమా ఆయనతో కలిసి మళ్లీ చూడండి. మాటలు అర్థం కాని చోట పక్కన కూర్చుని తెలుగులో చెప్పండి. అందులో ఒక రాత్రి, ఆసుపత్రి మంచం మీద ఉన్న డానీ కోసం, బృందమంతా కిటికీ కింద నిలబడి, చీకట్లో గని టోపీల దీపాలు వెలిగించుకుని పాట వాయిస్తుంది. ఆ దృశ్యం దగ్గర మీరు తర్జుమా ఆపేయండి. ఇరవై ఎనిమిదేళ్లు ఆ దీపం తలకు పెట్టుకుని దిగిన మనిషికి అక్కడ ఎవరి సాయమూ అక్కరలేదు. సినిమా అయ్యాక వీధినాటకం సంగతి చెప్పి, అందులో గని కార్మికుడి పాత్ర ఏం మాట్లాడాలో ఆయన్నే అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతోనే తొలి రిహార్సల్‌కు వెళ్లండి.